తిప్పేస్వామి మామ సైకిలెక్కడు

తిప్పేస్వామి మామకు సైకిలుంది. ఆయన దాన్ని ఎక్కడు.

ఆయన గురించి ఇంతకన్నా చెప్పాల్సిందేమీ లేదని హిందూపురం మెయిన్ బజారులో ఎవరిని అడిగినా అంటారు. పొద్దున ఇంటి నుంచి అంగడికి సైకిల్ని నెట్టుకొస్తాడు. సాయంత్రం అంగడి నుంచి ఇంటికి నెట్టుకుపోతాడు. ఎండైనా అంతే, వానైనా అంతే. సీటును రోజూ గుడ్డపెట్టి తుడుస్తాడు. టైర్లలో గాలి తగ్గనివ్వడు. బెల్లు మాత్రం నడుస్తూనే దారి పొడుగునా మోగిస్తాడు. ఇన్నేళ్ళలో ఆ సీటు మీద కూర్చున్న ప్రాణి ఏదైనా ఉందంటే అది మా అంగడి పిల్లి ఒక్కటే.

నేను మడకశిర నుంచి ఈ బజారుకు కోడలిగా వచ్చినదాన్ని. మాది ఫ్యాన్సీ స్టోర్. మాకు సరిగ్గా ఎదురుగా తిప్పేస్వామి మామ పూజసామాన్ల అంగడి, దాన్ని ఆనుకొని బుడన్‌సాబ్ మాస్టర్ టైలరింగ్ అంగడి. గాజులకూ, జడక్లిప్పులకూ ఎవరూ రాని వేళల్లో ఎదుటివాళ్ళను చూస్తూ కూర్చోవడమే నా పని. ఆ పని నేను చాలా శ్రద్ధగా చేస్తానని మా ఆయన కృష్ణకాంత్ అంటూ ఉంటాడు.

వచ్చిన కొత్తలో ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

“ఏం మామా, పంక్చరా?”

“లేదమ్మా.”

“గాలి తక్కువుందా?”

“నిండుగా ఉండాది.”

“మరి ఎక్కి పోవచ్చు గదా?”

ఆయన సైకిల్ వైపు ఒకసారి దిగులుగా చూసి, గొంతు తగ్గించి, “ఈ పొద్దు దానికి మనసు బాగలేదమ్మా” అన్నాడు.

మరునాడు అడిగితే సీటు కాలుతోందన్నాడు. చలికాలంలో అడిగితే హ్యాండిల్ చల్లగా ఉందన్నాడు. ఉగాది నాడు అడిగితే పండగపూట దాన్ని కష్టపెట్టకూడదన్నాడు. ఇక నేను అడగటం మానేశాను గానీ, ఊరు మానలేదు. ఆయన కూడా చెప్పిన కారణం మళ్ళీ చెప్పకుండా ఊరి మర్యాద నిలబెట్టాడు.

ఇందులో ఇంకో వింత ఉంది. ఆ సైకిల్ని నెట్టేది ఆయనొక్కడే కాదు. ఇద్దరి ఇళ్ళూ ఒకే వీధిలో ఉండటంతో బుడన్‌సాబ్ మాస్టర్ కూడా వెంట వస్తాడు. తిప్పేస్వామి మామ ముందు హ్యాండిల్ పట్టుకుంటే, మాస్టర్ వెనక క్యారియర్ మీద చెయ్యి వేసి నెడుతుంటాడు. ఆ క్యారియర్ మీద ఉండేది మహా అయితే ఒక కర్పూరం డబ్బా. దానికి ఇద్దరు మనుషులు! పైగా దారంతా కొట్లాట. పొద్దున తిన్న బొరుగుల ఉగ్గాణిలో మిరపకాయలెక్కువయ్యాయని ఒకరంటే, నాలుకే చెడిందని ఇంకొకరు. అలా తిట్టుకుంటూ, చిన్నగా, రోడ్డంతా వాళ్ళదే అన్నట్టు వస్తారు.

ఒకసారి కొత్తగా వచ్చిన ట్రాఫిక్ కానిస్టేబుల్ వాళ్ళను వన్‌వేలో ఆపాడు.

“ఏమప్పా, సైకిల్ ఇట్ల పోకూడదని తెల్దా?”

“నేను నడుస్తాండా గదా సార్.”

“మరి సైకిలు?”

“అది కూడా నడుస్తాంది.”

కానిస్టేబుల్ కాసేపు ఆలోచించాడు. మనిషి నడవచ్చు, సైకిల్ తొక్కకూడదు, మరి సైకిలే నడిస్తే ఏం చెయ్యాలో ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. చెయ్యి ఊపి పంపేశాడు.

పెనుకొండలో దగ్గరివాళ్ళ పెళ్ళికి ఇద్దరూ పోతూ ఆ సైకిల్ని కూడా రైల్లో వేసుకుపోయారు. స్టేషన్ నుంచి కల్యాణమంటపం దాకా, ఎప్పటిలాగే, ముందొకరు వెనకొకరు. మెరిసిపోయే సైకిల్ని చూసి, అది పెళ్ళికొడుక్కు తెచ్చిన కానుక అనుకున్నారు పెళ్ళివారు. హ్యాండిల్‌కు పూలదండ వేసి, కుంకుమ పెట్టి, పెళ్ళికొడుకును పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. దాన్ని వెనక్కు తెచ్చుకోవడానికి మామ సాయంత్రం దాకా బతిమాలాల్సి వచ్చింది. ధర్మవరంలో పట్టుచీర కొనడానికి పోయినప్పుడైతే సైకిల్ని అంగట్లోకి తోలుకుపోయి, చీరలన్నీ దానికి కూడా చూపించాడని మా ఆయన చెబుతాడు. మా ఆయన మాటల్లో సగం తీసేసి వినాలి.

ఇట్లాంటి మనిషి బజారులో సైకిల్ దారి కోసం ఊరి మీద యుద్ధానికి దిగాడంటే నవ్వరా మరి?

మా బజారు గురించి చెప్పాలి. బస్సులు, ఆటోలు, చింతపండు బస్తాల మినీ లారీలు, వాటి సందుల్లో మోటారుసైకిళ్ళు, రెండు పక్కలా ఆపిన బండ్లు. మా అంగడి నుంచి ఎదుటి అంగడికి పోవాలంటే దేవునికి దండం పెట్టుకొని దిగేదాన్ని. పోయిన ఏడు మునిసిపాలిటీ వాళ్ళు ఎదుటి వరస అంగళ్ళ ముందు ఆకుపచ్చ రంగు వేసి, నారింజ రంగు ప్లాస్టిక్ గుంజలు నాటి, ఇది సైకిళ్ళకు అన్నారు. ప్రస్తుతానికి చూద్దాం, బాగుంటే ఉంచుతాం, లేకుంటే తీసేస్తాం అన్నారు.

వేసిన రోజే గొడవ మొదలైంది. వర్తకుల సంఘానికి అధ్యక్షుడు పట్టుచీరల రామచంద్ర. ఆయన అంగడి కూడా ఆ వరసలోనే ఉంది. ఆయన కారు ఆగే చోటు మీదుగానే ఆకుపచ్చ రంగు పోయింది. కారు సంగతి అట్లా ఉంచినా, ఆయన బాధలో నిజం లేకపోలేదు.

“పరిగి నుంచి, ఆమడగూరు నుంచి పెండ్లి బట్టలకు వస్తారమ్మా. బండి పెట్టేకి తావు లేదని బెంగళూరుకు పోతాండారు. మేం ఈగలు తోలుకుంటా కూచ్చోవల్లనా?” అని నా దగ్గర కూడా మొత్తుకున్నాడు. మా గాజుల బేరం కూడా కొంచెం పడిపోయింది కాబట్టి నేను తల ఊపాను.

తిప్పేస్వామి మామ మాత్రం ఆ దారికి కాపలాదారుడైపోయాడు. ఎవరైనా అందులో మోటారుసైకిల్ ఆపితే చాలు, వెనకనుంచి వచ్చి నిలబడి బెల్లు కొట్టేవాడు. తీసేదాకా కొట్టేవాడు.

“పక్క నుంచి పోరాదా పెద్దాయనా!”

“ఏంటికి పోవల్ల? ఇది సైకిల్ దారి. సైకిల్ పోతాంది, కనపడలేదా?”

“నువ్వు నడుస్తాండావు గదా!”

“నన్నేంటికి చూస్తావు? సైకిల్ని చూడు.”

వెనకనుంచి మాస్టర్ కూడా గొంతు కలిపేవాడు. ఇద్దరూ కలిసి అరిస్తే బండి తీయనివాడు లేడు.

ఆఖరికి మునిసిపల్ కమిషనర్ మేడమ్ వచ్చే సోమవారం పొద్దున తానే బజారులో నిలబడి చూసి, దారి ఉంచాలో తీయాలో అక్కడికక్కడే తేలుస్తానని కబురు పంపింది. ఆ ముందు రోజు రామచంద్ర అంగడి మేడ మీద సంఘం సమావేశమైంది. ఎండుమిరపకాయల అంగట్లో తుమ్ములు ఎలా ఆగవో, ఆ రోజు మాటలు అలా ఆగలేదు. అందరూ అరిచాక తిప్పేస్వామి మామ లేచాడు.

“ఆ దారి తీసేస్తే నేను రేపట్నుంచి అంగడి మూసేస్తా. బుడన్‌సాబూ మూసేస్తాడు. మేమింక బజారుకు రాలేం.”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. కొట్లాటల్లో కూడా నవ్వుతూ ఉండే మనిషి ఆ మాట నవ్వకుండా అన్నాడు.

రామచంద్ర చేతులు కట్టుకొని, “సరేప్పా. ఇన్నేండ్లలో నువ్వు సైకిలెక్కింది మేమెవరం చూడలేదు. నీకేంటికి సైకిల్ దారి? రేపు మేడమ్ ముందర ఈ కొన నుంచి ఆ కొనకు తొక్కి చూపించు. నేను నోరెత్తితే ఒట్టు. తొక్కలేకపోతివా, నువ్వు నోరెత్తొద్దు” అన్నాడు.

తిప్పేస్వామి మామ ఏదో ఒక కారణం చెబుతాడని అందరం కాచుకున్నాం. మొదటిసారి ఆయన దగ్గర కారణం లేదు. మాస్టర్ వైపు ఒకసారి చూసి, తల వంచుకొని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వెనకే మాస్టర్ గోడ పట్టుకుంటూ దిగాడు.

సోమవారం నాటికి బజారంతా తేరు చూడటానికి వచ్చినట్టు వచ్చింది. టీ అంగడి ముందు పందేలు. మేడమ్ సైకిల్ దారి పక్కనే నిలబడింది. ఎండకు తాళలేదని నేనొక కుర్చీ తీసుకుపోయి వేశాను, ఆమె కూర్చోలేదు. నేను మాత్రం ఆ వంకతో అక్కడే ఉండిపోయాను. కాలేజీకి పోయే ఆడపిల్లలు, పాల ఓబన్న, కూరగాయల గంపలవాళ్ళు ఆ దారిన పోతూనే ఉన్నారు. మాస్టర్ మనవరాలు అర్షియా కూడా సైకిల్ మీద వచ్చి, తాత కోసం ఆగింది.

“వీళ్ళంతా ఈ పొద్దు మీరొస్తారని వచ్చినారు మేడమ్” అన్నాడు రామచంద్ర.

అప్పుడు వినబడింది బెల్లు. వీధి మలుపులో ముందు తిప్పేస్వామి మామ, నడుమ సైకిలు, వెనక బుడన్‌సాబ్ మాస్టర్. ఇస్త్రీ చొక్కాలు. సైకిల్ ఎంత మెరుస్తోందంటే చూసి జడ సవరించుకోవచ్చు.

“ఎక్కు మామా! ఎక్కు!” అని జనం ఈలలు.

మామ నిలబడ్డాడు. “నేను ఎక్కను” అన్నాడు.

“ఏంటికప్పా?” అన్నాడు రామచంద్ర.

“ఈ పొద్దు... సోమవారం.”

బజారంతా గొల్లుమంది. రామచంద్రకు ఉత్సాహం పట్టలేకపోయింది. “ఇట్లియ్యప్పా, బండి పాడో, మనిషి పాడో నేను తేలుస్తా” అంటూ మామ చేతిలోంచి సైకిల్ని లాక్కున్నాడు. పట్టు పంచె ఎగగట్టి ఎక్కి కూర్చున్నాడు. పెడల్ మీద బలంగా తొక్కాడు. పెడల్ గిర్రున తిరిగింది. సైకిల్ మాత్రం కదల్లేదు. ఇంకా గట్టిగా తొక్కాడు. కాళ్ళు గాల్లో తిరుగుతున్నాయి, చక్రం నిలబడే ఉంది. అలా ధర్మవరం దాకా పోగలిగినంత తొక్కి, నిలబడ్డచోటే ఒక పక్కకు ఒరిగి, ప్లాస్టిక్ గుంజ మీద పడ్డాడు. గుంజ వంగి, ఆయన దొర్లగానే పైకి లేచి వీపున ఒకటి వేసింది.

“చైను లేదు! దీనికి చైనే లేదప్పో!” అని ఎవరో అరిచారు.

నిజమే. చైన్ కవర్ లోపల ఏమీ లేదు. జనం పడీపడీ నవ్వారు. నేను నవ్వబోతూ ఆగాను.

రామచంద్ర సైకిల్ లాక్కున్నప్పుడు మాస్టర్ చెయ్యి క్యారియర్ మీదనుంచి జారిపోయింది. ఆ చెయ్యి గాల్లో దేనికోసమో వెతికింది. మనిషి తూలాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి భుజం అందించాను. ఆయన బరువంతా నా భుజం మీదికి వచ్చింది. ఎడమకాలు నేలమీద సరిగ్గా ఆనటం లేదు. అప్పుడు నాకు బుర్రలో వెలిగింది. ఇన్నేళ్ళూ మాస్టర్ చెయ్యి ఆ సైకిల్ని నెట్టలేదు. సైకిలే మాస్టర్‌ను నడిపించింది. ఎదురుగా కూర్చొని రోజూ చూసిన నా కళ్ళకు ఇది ఆనలేదు.

రామచంద్ర పంచె దులుపుకుంటూ లేచాడు. “చూడండి మేడమ్! చైను లేని సైకిల్ కోసం మా అంగళ్ళు మూసుకోవల్లంట!”

మేడమ్ తిప్పేస్వామి మామ దగ్గరికి వచ్చింది. “పెద్దాయనా, చైన్ ఎందుకు లేదు?” అని నెమ్మదిగా అడిగింది.

మామ నా భుజం మీద ఆనుకున్న మాస్టర్ వైపు చూశాడు. ఒక్క మాట చెబితే ఆ నవ్వులన్నీ ఆగిపోతాయి. ఆ మాట ఆయన చెప్పలేదు.

మాస్టర్ చెప్పాడు. “నేను చెప్తా మేడమ్. వాడు సిగ్గుపడతాండాడు. చానా ఏండ్ల కింద వాడు బాగనే తొక్కుతాండె. నన్ను వెనక కూచ్చోబెట్టుకొని పోతావుంటే ఈ బజారులోనే ఆటో తగిలి ఇద్దరం పడితిమి. అప్పట్నుంచి వానికి సైకిలంటే భయం. నేను వెనక చెయ్యేస్తేనే అడుగేస్తాడు. ఎవరన్నా ఎక్కమంటారని చైను గూడా తీసేసినట్లుండాడు, పాపం. ఈ దారి ఉంటే వాన్ని రోజూ అంగడికి తెస్తా. ఇది తీసేస్తే ఈ వయసులో మళ్ళీ ఆ బస్సుల నడుమ వాన్ని తెచ్చే ధైర్యం నాకు లేదు.”

అందరూ మామనే చూస్తున్నారు. ఊరందరి ముందూ, మేడమ్ ముందూ, పందెం కాసిన రామచంద్ర ముందూ తిప్పేస్వామి మామ తల పైకెత్తాడు.

“అవును మేడమ్. నాకు భయం” అన్నాడు. “చానా భయం.”

ఆ మనిషి ముఖంలో భయం ఎక్కడా లేదు. ఎవరో ముసిముసిగా నవ్వబోయారు. నాకు ఒళ్ళు మండింది.

“నాకూ భయమే మేడమ్!” అని అరిచాను. “కర్పూరం కావాలన్నా ఈ రోడ్డు దాటనీకి భయపడి చస్తాండా!”

“నాకూ భయమే” అంది అర్షియా. “ఈ దారి వేసినంకనే మా అవ్వ సైకిల్ బయటికి తీయనిచ్చింది.”

“నాకూ భయమే తల్లీ. క్యాన్లు పెట్టుకొని లారీ పక్కన పోతే ప్రాణం అరచేతిలో ఉంటాది” అన్నాడు ఓబన్న.

ఇక ఆగలేదు. గంపలవాళ్ళు భయమన్నారు. పిల్లలను బడికి తీసుకుపోయే తల్లులు భయమన్నారు. ఆటో డ్రైవర్ ఒకడు తనకు ఇతర ఆటోలంటే భయమన్నాడు. కానిస్టేబుల్ టోపీ తీసి తల గోక్కుంటూ, “నాకు గూడా” అన్నాడు. ఇంత భయాన్ని ఇంత సంతోషంగా చెప్పుకున్న జనాన్ని నేను ఎక్కడా చూడలేదు. ఆఖరికి పట్టుచీరల అంగడి గడప మీదనుంచి రామచంద్ర భార్య యమున అంది.

“మా ఆయనకూ భయమే మేడమ్. రోడ్డు దాటల్లంటే నా చెయ్యి పట్టుకుంటాడు.”

“యమునా!” అన్నాడు రామచంద్ర.

“ఉన్న మాటే గదా.”

మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆపుకున్నాక చెప్పింది. “ఇంతమంది భయపడే రోడ్డులో భయం లేని దారి ఒక్కటుంది. దాన్ని ఎట్లా తీయమంటారు? దారి ఉంటుంది. రామచంద్రగారూ, మీ గిరాకీలు బండ్లు పెట్టుకోవడానికి మార్కెట్ వెనక ఖాళీ స్థలం శుభ్రం చేయిస్తాను. సరేనా?”

రామచంద్ర భార్య వైపు చూసి, “సరే మేడమ్” అన్నాడు.

జనం వేసిన కేకలు రైల్వే స్టేషన్ దాకా వినబడి ఉంటాయి. పూలవాళ్ళెవరో పరుగున వచ్చి హ్యాండిల్‌కు దండ వేశారు. ఆ సైకిల్ మెడలో అది రెండో దండ. ఈసారి పెళ్ళికొడుకు లేడు గానీ ఊరేగింపు మాత్రం జరిగింది. జనం చప్పట్ల మధ్య తిప్పేస్వామి మామ హ్యాండిల్ పట్టుకున్నాడు. నేను మాస్టర్ చెయ్యిని నా భుజం మీదనుంచి తీసి, ఎవరూ చూడకుండా క్యారియర్ మీద పెట్టాను. ఆకుపచ్చ రంగు మీద ఈ కొన నుంచి ఆ కొనకు నడిచారు. ఏ సైకిల్ పందెంలో గెలిచినవాడికీ అంత మర్యాద జరిగి ఉండదు.

సాయంత్రం ధైర్యంగా రోడ్డు దాటి మామ అంగడికి పోయాను.

“చైను యాడుంది మామా?”

ఆయన అటూ ఇటూ చూసి, దేవుని పటం వెనకనుంచి ఒక గుడ్డమూట తీశాడు. నూనె కారుతున్న చైను. కొత్తదానిలా ఉంది.

“పడినంక వానికి కాలు నిలబడలేదమ్మా. కట్టె పట్టుకోమంటే పట్టుకోడు. చెయ్యి పట్టుకుంటే విదిలిస్తాడు. ‘నువ్వు ఎక్కి పో, నేను మెల్లగా వస్తా’ అంటాడు. యాడొస్తాడు, మళ్ళీ పడతాడు. అందుకే నాకు భయమైతాంది, నువ్వు వెనక చెయ్యేస్తేనే నడుస్తా అని చెప్పినా. నమ్మినాడు. ఇంక ఎవరు ఎక్కమన్నా ఎక్కకుండా చైను తీసేసినా. వానికి మాత్రం చెప్పొద్దు తల్లీ, పాపం.”

“చెప్పను మామా” అన్నాను. కళ్ళు తుడుచుకోవడానికి ఆయన అంగట్లోంచి వత్తుల ప్యాకెట్ ఒకటి తీసుకున్నాను. దాన్ని కొన్నట్టే రాసుకోమన్నాను.

బయటికి వస్తుంటే పక్క అంగట్లోంచి మాస్టర్ మిషన్ ఆపి పిలిచాడు.

“అనురాధమ్మా, ఒక మాట. నువ్వు ఈ పొద్దు నా కాలు చూసినావు గదా. డాక్టరు కట్టె పట్టుకోమన్నాడు. నేనేంటికి పట్టుకోలేదో తెలుసా? ఒక చేత్తో కట్టె పట్టుకుంటే వాని సైకిల్ మీద చెయ్యెట్ల వేస్తా? నా చెయ్యి లేకుంటే వాడు అడుగు తీసి అడుగేయడు. ఈ మాట వానికి మాత్రం చెప్పొద్దమ్మా. పాపం, బాధపడతాడు.”

“చెప్పను మాస్టర్” అన్నాను. ఇక కళ్ళు తుడుచుకోవడానికి ఆ వత్తులు చాల్లేదు, నవ్వు కూడా వచ్చేసింది కాబట్టి.

రామచంద్ర ఇప్పుడు కారు మార్కెట్ వెనక పెట్టి, అక్కడనుంచి కొత్త సైకిల్ మీద అంగడికి వస్తానని యమునకు చెప్పాడు. సైకిల్ కొన్నాడు. చైను కూడా ఉంది. ఎక్కడం మాత్రం ఇంకా రాలేదు. అందుకని ఆయన కూడా నెట్టుకునే వస్తున్నాడు. అడిగితే, సీటు ఎత్తుగా ఉందంటాడు.

ఈ రోజు పొద్దున ఆ ఇద్దరి వెనక కాలేజీ ఆడపిల్లల సైకిళ్ళు వరసగా ఆగిపోయాయి. దారి వీళ్ళది, నడక వీళ్ళది, ఉగ్గాణి మీద కొట్లాట ఇంకా తెగలేదు. అర్షియానే వెనకనుంచి బెల్లు మీద బెల్లు కొట్టింది.

“తాతా! కొంచెం పక్కకు పోండి! కాలేజీకి టైమవుతాంది!”

తిప్పేస్వామి మామ వెనక్కి తిరక్కుండానే బెల్లు మోగించాడు.

“ఏంటికి పోవల్ల? సైకిల్ పోతాంది, కనపడలేదా?”